మందు డబ్బా మీద నా బొమ్మ

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను కలిస్తే ముందుగా అడిగేది ఏ ప్రోగ్రాం నేర్చుకోమంటారని. నేను ఉద్యోగంలో చేరిన నాటి ప్రోగ్రాముల్లో ఒక్కటీ ఇప్పుడు వాడకంలో లేదు. మీరు ఇవాళ నేర్చుకునేవీ మీరు రిటైరయ్యే నాటికి ఉండవు. కాబట్టి వాటి జోలికి పోను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో కూడా రాయను. అది మీకు పనికిరాదు, నాకే సరిగ్గా గుర్తు లేదు. ముప్పై ఏళ్ళ పనిలో నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి, దాన్ని నాకంటే ముందే పట్టుకున్న మనిషి గురించి, దానివల్ల ఒక రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి ఒప్పుకోవలసి వచ్చిన సంగతి గురించి రాస్తాను.

పని ఏమిటంటే

ప్రొటీన్ ఒక పొడవాటి గొలుసు. తనంతట తానే ముడుచుకుని ఒక ఆకారం తెచ్చుకుంటుంది. ఆ ఆకారం మీద ఎత్తుపల్లాలు, సందులు, గుంటలు ఉంటాయి. బయటి నుంచి మరో అణువు వచ్చి అతుక్కునేది చాలావరకు అలాంటి ఒక గుంటలోనే. మందు పనిచేయాలన్నా అక్కడే కూర్చోవాలి. ఆ చోటును బంధన స్థానం అంటాం. ప్రయోగాలు చేసి దాన్ని కనుక్కోవడానికి ఏళ్ళు పట్టవచ్చు. ప్రొటీన్‌లో ఏ పరమాణువు ఎక్కడుందో తెలిపే ఫైలు చేతికి వస్తే, కంప్యూటర్‌తో లెక్కకట్టి, ‘ముందు ఈ నాలుగైదు చోట్ల వెతకండి’ అని చెప్పడం నా పని.

లెక్క చాలా రకాలుగా కట్టవచ్చు. ఉపరితలం మీద చిన్న గోళీల్లాంటివి పరిచి, అవి ఎక్కడ లోపలికి దిగి నిలుస్తాయో చూడడం ఒకటి. ఒక చిన్న అణువును ప్రొటీన్ చుట్టూ తిప్పి, ఏ చోట వదలకుండా పట్టుకుంటుందో చూడడం ఒకటి. అదే వర్గం ప్రొటీన్లు వేరువేరు జీవుల్లో ఉంటే, వాటన్నిటిలోనూ మారకుండా మిగిలిన చోటేదో వెతకడం మరొకటి. ఇప్పుడు యంత్రమే వేల ఉదాహరణలు చూసి నేర్చుకుంటోంది. ఏ దారిన పోయినా చివరికి చేతికొచ్చేది ఊహే. అది ఊహ అని మరిచిపోయినందుకే నేను దెబ్బతిన్నాను.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టి బతికే కుటుంబం. ఫిజిక్స్ చదివి, నెల్లూరులో ఒక పరిశోధన సంస్థలో చేరాను. నేను కంప్యూటర్లో పురుగుల బొమ్మలు గీస్తానని మా అమ్మ చివరిదాకా ఊళ్ళో చెప్పుకునేది. నేను దిద్దలేదు. వైరస్ మీద పని మొదలుపెట్టాక ఆ మాట దాదాపు నిజమే అయింది.

డైరెక్టర్ గారు పెట్టిన పరీక్ష

నాకు పని నేర్పింది మా డైరెక్టర్ గారు. చేరిన రెండో ఏడు ఒక పద్ధతి తయారుచేసుకుని, ముందే జవాబు తెలిసిన ప్రొటీన్ల మీద పరీక్షించాను. అతుక్కున్న అణువును ఫైలులోంచి తీసేసి, అది ఎక్కడుండేదో ప్రోగ్రాంతో చెప్పించాలి. దాదాపు ప్రతిసారీ సరిగ్గా చెప్పింది. గంతులు వేసుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన నా జాబితా తీసుకుని, పెన్సిల్‌తో ఒక్కొక్క పేరూ కొట్టేయడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే, నేను ప్రోగ్రాంకు నేర్పడానికి వాడినవీ, పరీక్షకు పెట్టినవీ దగ్గర చుట్టాలన్నారు. అన్న మొహం చూపించి తమ్ముణ్ణి గుర్తుపట్టమంటే ఎవరైనా పడతారు, ముక్కూ మొహం తెలియనివాణ్ణి తెచ్చి అడుగు అన్నారు. చుట్టాలన్నిటినీ తీసేసి మళ్ళీ నడిపితే నా గొప్పంతా దిగిపోయింది. ఆ రోజు ఏడ్చాను. తరవాత ఎవరి పని చదివినా నేను ముందు చూసేది వాళ్ళ జాబితానే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆయన గురించి ముందు ముందు ఒక చేదు మాట చెప్పబోతున్నాను. ఆయన ఎలాంటివారో మీకు ముందే తెలిసి ఉండాలి.

సుగుణమ్మ చెప్పింది, నేను విననిది

మా జిల్లా తీరంలో రొయ్యల చెరువుల్ని పాడుచేసే జబ్బుల్లో అందరూ భయపడేది వైట్ స్పాట్. రొయ్య పెంకు మీద తెల్ల మచ్చలు వేసి, రోజుల్లో చెరువంతా ఊడ్చేస్తుంది. దానికి మందు లేదు. ఆ వైరస్ పైపొరలో ఉండే ఒక ప్రొటీన్ ఆకారాన్ని వేరేవాళ్ళు కనుక్కుని అందరికీ అందుబాటులో పెడితే, దాని మీద బంధన స్థానం వెతికే పని నేను తీసుకున్నాను. ఆ ఫైలు తెరిచాను. ఒక గొలుసు కనిపించింది. దాని పక్క భాగంలో లోతైన, చక్కటి గుంట. మూడు పద్ధతుల్లో నడిపితే మూడూ దానికే మొదటి స్థానం ఇచ్చాయి. ప్రొటీన్‌కు నీలం రంగు, గుంటకు నారింజ రంగు వేసి బొమ్మ తయారుచేశాను. నేను గీసినవాటిలో అంత అందమైన బొమ్మ మరొకటి లేదు. దానితో వ్యాసం అచ్చయింది.

మా ప్రయోగశాలలో టెక్నికల్ అసిస్టెంట్ సుగుణమ్మ. నాయుడుపేట నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్ళేది. ఆ ప్రొటీన్‌ను బాక్టీరియాలో పెంచి శుద్ధి చేయడం ఆమె పని. సన్నటి పూసలు నింపిన పొడవాటి గొట్టంలో ప్రొటీన్‌ను పోస్తే పెద్దవి ముందు, చిన్నవి వెనక బయటికి వస్తాయి. ఎంతసేపటికి వచ్చిందో చూసి దాని పరిమాణం చెప్పవచ్చు. వ్యాసం పంపడానికి ముందే ఒక రోజు ఆమె గ్రాఫు కాగితం పట్టుకుని నా గదికి వచ్చింది.

“మేడం, మీ బొమ్మలో ఒకటే ఉండాది. నాకేమో మూడు కలిసి వస్తా ఉండాయి.”

చిక్కగా పోసి ఉంటావు, అందుకే అతుక్కున్నాయి, పలచన చేసి చూడమన్నాను. వారం తరవాత పలచన చేసినా మూడే వస్తున్నాయని మరో కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నేను దాన్ని ఫైళ్ళ కింద పెట్టాను. ఆమె డిగ్రీ మధ్యలో మానేసిన మనిషి, నేను డాక్టరేటు చేసినదాన్ని. ఆ రోజు నా మనసులో ఈ మాట ఇంత స్పష్టంగా లేదు, కానీ కాగితాన్ని ఫైళ్ళ కిందికి తోసింది అదే. వేరే కారణం ఇప్పుడు ఎంత వెతికినా దొరకడం లేదు.

మునిరత్నం ఫోను

మునిరత్నం మా చెల్లెలు కస్తూరి భర్త. సరస్సులో వేట తగ్గిపోయాక తోటపల్లి గూడూరు వైపు రెండు చెరువులు కౌలుకు తీసుకుని రొయ్యలు వేశాడు. అచ్చయిన నా బొమ్మను ఒకసారి వాళ్ళింట్లో చూపించాను. వ్యాసం అచ్చయిన ఏడాదిన్నరకు, ఒక పొద్దున ఫోను చేశాడు. గొంతులో సంతోషం తెలుస్తోంది.

“నీ బొమ్మ మందు డబ్బా మీద ఏసినారు వదినా.”

నిజం చెప్పాలంటే మొదటి క్షణం నాకూ సంతోషమే వేసింది. ఫోటో పంపమన్నాను. నీలం ప్రొటీన్, నారింజ గుంట, అందులో ఎవరో ఒక ఆకుపచ్చ ముద్ద చేర్చారు. వైరస్‌ను కట్టిపడేసే మూలికల పొడి అని, కంప్యూటర్ పరిశోధనలో రుజువైందని రాసి ఉంది. మేతలో కలిపి వేయాలి. నా పేరు గానీ మా సంస్థ పేరు గానీ ఎక్కడా లేవు. ఎవరో నా వ్యాసం చూసి, ఆ గుంటలో తమ సరుకు సరిపోతుందని కంప్యూటర్లో ఒక లెక్క వేసుకుని, దాన్నే రుజువు అన్నారు.

మళ్ళీ ఫోను చేశాను. ఆ చుట్టుపక్కల అందరూ అదే వాడుతున్నారట. కాలవ అవతలి చెరువులో రెండు రోజులుగా తెల్ల మచ్చల రొయ్యలు తేలుతున్నాయట. వెంటనే పట్టుబడి చేసి, ఉన్న రొయ్యను ఉన్నట్టు అమ్మేయమని అందరూ అంటున్నారు గానీ, తన రొయ్యకు సైజు రావాలంటే ఇంకో మూడు వారాలు పడుతుందన్నాడు.

“మన మందు ఉండాది గదా అని ఆగినా.”

ఆగొద్దన్నాను. బొమ్మ నీదే గదా వదినా, నువ్వే ఇట్టా అంటే ఎట్టా అన్నాడు. సాయంత్రానికి వస్తాను, అంతదాకా ఏమీ నిర్ణయించుకోవద్దని చెప్పి పెట్టేశాను.

ముందు డైరెక్టర్ గారి గదికి వెళ్ళాను. ఆయన డబ్బా ఫోటో చూశారు. అచ్చయిన బొమ్మను ఎవరైనా వాడుకుంటారు, మన పేరు లేదు కాబట్టి మనం కల్పించుకుంటే మనమే ఇరుక్కుంటాం, ఆ రంగంలోని కంపెనీల సాయంతో నడిచే ప్రాజెక్టు మన చేతిలో ఉంది, కొన్నాళ్ళు ఊరుకోమన్నారు. చట్టం ప్రకారం ఆయన చెప్పిన దాంట్లో తప్పు లేదేమో. చుట్టాల్ని కొట్టేసిన పెన్సిల్ పట్టుకున్న మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చిందే అని బాధపడ్డాను. ఊరుకోలేనని చెప్పి బయటికి వచ్చాను.

అక్కడి నుంచి నేరుగా సుగుణమ్మ దగ్గరికి నడిచాను. నువ్వు ఆ రోజు ఇచ్చిన కాగితం కావాలన్నాను. ఆమె నోటు పుస్తకం తీసి పేజీ తెరిచింది. రెండు గ్రాఫుల నకళ్ళూ అతికించి, కింద తేదీలు వేసి ఉన్నాయి. ఆమెను నా గదికి పిలిచి, ఇద్దరం కూర్చుని ప్రొటీన్ ఫైలును మొదటి వరుస నుంచి చదివాం. పరమాణువుల జాబితా మొదలవడానికి ముందే, ఈ ప్రొటీన్ సహజంగా మూడు గొలుసులు కలిసి ఉంటుందని, ఫైలులో ఉన్నది వాటిలో ఒకటేనని, మిగతా రెండింటినీ ఎలా తిప్పి నిలబెట్టాలో ఈ కొలతలతో చూసుకోమని రాసి ఉంది. ఆ వరుసలు మొదటి నుంచీ అక్కడే ఉన్నాయి. నేను వాటిని దాటుకుని బొమ్మ దగ్గరికి పోయాను.

మూడు గొలుసుల్నీ నిలబెట్టాం. నా నారింజ గుంట మీద పక్క గొలుసు అంచు వచ్చి మూతలా కూర్చుంది. ఏ అణువూ దూరడానికి సందు లేదు. మూడు పద్ధతులూ మళ్ళీ నడిపాను. ఆ గుంట జాబితాలోనే లేదు.

“ఇప్పుడు సరిపొయింది మేడం,” అంది సుగుణమ్మ.

గట్టు మీద

చెరువు దగ్గరికి నేనూ వస్తానని సుగుణమ్మ అంది. ఇద్దరం కలిసి వెళ్ళాం. పొద్దు ఇంకా ఉంది, చెరువుల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి. గట్టు మీది మేత షెడ్డులో పదిమంది దాకా రైతులు కూర్చుని ఉన్నారు. బొమ్మ గీసిన మా వదిన వస్తోంది, మందు ఎట్టా వాడాలో చెబుతుందని మునిరత్నం వాళ్ళందరినీ పిలిచాడు. మాకు కుర్చీలు వేసి, నీళ్ళు ఇచ్చారు. డబ్బా ఎదురుగా బల్ల మీద ఉంది.

ల్యాప్‌టాప్ తెరిచి చెప్పడం మొదలుపెట్టాను. గొలుసు అన్నాను, ఉపరితలం అన్నాను. వాళ్ళు మర్యాదగా తలలు ఊపుతున్నారు. ఎవరికీ అర్థం కావడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. సుగుణమ్మ లేచి మేత కొలిచే మగ్గులు మూడు తెచ్చింది. ఒకటి ఎత్తి, మేడం చూసింది ఇది ఒక్కటే, దీని నోరు తెరిచి ఉండాది, మందు ఇక్కడ పడతాదని రాసినారు అని చెప్పింది. తరవాత మూడింటినీ నోళ్ళు లోపలికి తిప్పి ఒకదానికొకటి ఆనించి పెట్టింది. వైరస్ మీద ఇవి ఎప్పుడూ ఇట్టాగే ఉంటాయి, ఇప్పుడు మందు యాడ పోస్తారో చూపించండి అంది.

సుబ్బారెడ్డి గారని ఒక పెద్దాయన, ఆ ప్రాంతంలో అందరికంటే ముందు చెరువులు తవ్వించినాయన, నా వైపు తిరిగి అడిగాడు.

“అంటే అమ్మా, నువ్వు రాసింది తప్పంటావా?”

“తప్పేనండీ.”

“అప్పుడు తప్పు రాసినదానివి, ఇప్పుడు చెప్పేది ఒప్పని ఎట్టా నమ్మాల?”

నా ఉద్యోగం మొత్తంలో నన్ను అంతకంటే మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇలా అన్నాను: “నన్ను నమ్మొద్దు. కాలవ అవతల జబ్బు వచ్చిన చెరువులో ఈ పొడి వేసినారో లేదో అడగండి.”

ఆ చెరువు రైతు వెనక వరుసలోనే ఉన్నాడు. తల ఎత్తకుండా, మొదటి నుంచీ వేసినానని చెప్పాడు.

ఆ తరవాత మాటలు నాతో కాదు, వాళ్ళలో వాళ్ళకే నడిచాయి. జబ్బు చెరువు నీళ్ళు కాలవలోకి వదలకుండా బ్లీచింగ్ చల్లి నిలబెట్టాలని, చచ్చిన రొయ్యల్ని కాకులు ఎత్తుకుపోయి వేరే చెరువుల్లో పడేయకుండా వలలు కట్టాలని అనుకున్నారు. అవన్నీ వాళ్ళకు ముందే తెలిసినవి. డబ్బా ఉంది కదా అని వాయిదా వేసుకున్నవి.

మునిరత్నం నాతో మాట్లాడలేదు. పిలిచినవాళ్ళ ముందు అతనికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున కాలవ పక్క చెరువు పట్టుబడి చేశాడు. రెండోది గట్టు అవతల ఉంది, దానికి రాదులే అని ఆగాడు. అయిదో రోజు అందులో మచ్చలు కనిపించాయి. మొదటి చెరువు దక్కింది, రెండోది పోయింది. కస్తూరి ఫోను చేసి ఈ మాట చెప్పి, నిన్ను ఎవరూ ఏమీ అనడం లేదక్కా అంది. సుగుణమ్మ రెండో కాగితం తెచ్చిన రోజునే నేను ఫైలు చదివి ఉంటే ఆ బొమ్మే పుట్టేది కాదు, నా మరిది దాన్ని చూసి ఆగేవాడూ కాదు. ఈ లెక్కను ఎన్నిసార్లు నడిపినా జవాబు మారలేదు.

దిద్దుబాటు

ఆ వారంలోనే పత్రికకు దిద్దుబాటు రాశాను. గుంట లేదని, ఎందుకు లేదో, ఎవరు ముందు కనిపెట్టారో. మొదటి పేరు సుగుణమ్మది పెట్టాను. టెక్నికల్ అసిస్టెంట్ల పేర్లు కృతజ్ఞతల్లోకి వెళ్తాయని ఆఫీసులో అన్నారు. అలాగైతే దిద్దుబాటు నా ఇంటి చిరునామా నుంచి వెళ్తుందని చెప్పి, కాగితాలు డైరెక్టర్ గారి బల్ల మీద పెట్టి వచ్చాను.

నాలుగు రోజులు కబురు లేదు. అయిదో రోజు కాగితాలు తిరిగొచ్చాయి, సంతకంతో. సుగుణమ్మ పేరు ఉన్నచోటే ఉంది. ఒక్క వాక్యం మాత్రం పెన్సిల్‌తో కొట్టేసి ఉంది. నేను ‘పొరపాటు దొర్లింది’ అని రాశాను. ఆయన దాన్ని ‘మేము పొరపాటు చేశాం’ అని మార్చారు. ఆ మార్పుతోనే పంపాం. కంపెనీల సాయంతో నడిచే ఆ ప్రాజెక్టు తరవాత మా చేతిలో నిలవలేదు. ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పొడి అమ్మేవాళ్ళకూ రాశాను. జవాబు రాలేదు, కానీ తరవాతి డబ్బాల మీద నా బొమ్మ లేదు. ఇప్పుడు వాటి మీద కవచం తొడుక్కున్న రొయ్య ఉంది. పొడి ఇంకా అమ్ముడుపోతోంది. నేను గెలిచానని ఎవరైనా అంటే ఆ డబ్బా చూపిస్తాను.

ఇప్పుడు చేస్తున్నది

మీలో చాలామంది చేతికి ఇప్పుడు యంత్రం ఊహించిన ఆకారాలు వస్తాయి. దాని మీద యంత్రమే గుంటలు చూపిస్తుంది, రంగులు కూడా వేసి ఇస్తుంది. ఊహ మీద ఊహ అన్నమాట. వాడుకోండి, నేనూ వాడుతున్నాను. కానీ ఆ ప్రొటీన్‌ను చేత్తో ముట్టుకునే మనిషి మీ భవనంలోనే ఎక్కడో ఉంటుంది. ఆమె దగ్గరికి మీరే వెళ్ళండి. ఆమె రెండుసార్లు మీ గదికి రావలసి వచ్చిందంటే, మీరు పని సరిగ్గా చేయడం లేదని అర్థం. రంగులు వేసి బొమ్మ చేసే ముందు, అది మీ చేయి దాటాక ఏ డబ్బా ఎక్కవచ్చో ఒకసారి ఆలోచించండి. అచ్చయిన ఊహను చదివేవాళ్ళు ఊహ అన్న మాటను ముందు వదిలేస్తారు.

రిటైరయ్యాక కూడా వారానికి రెండు రోజులు ప్రయోగశాలకు వెళ్తున్నాను. మూడు గొలుసులు ఒకదానికొకటి ఆనుకునే అతుకుల దగ్గర ఏదైనా చోటు ఉందా అని వెతుకుతున్నాం. మూడు కలవకుండా ఆపగలిగితే వైరస్ పైపొర సరిగ్గా నిలవదని మా అనుమానం. ఒక చోటు కనిపించింది. ఈసారి పూసల గొట్టం ఫలితం చేతిలో పెట్టుకున్నాకే లెక్క మొదలుపెట్టాను. సుగుణమ్మ మొదటి విడత పరీక్షించిన అణువుల్లో ఏదీ అతుక్కోలేదు. ఆ సంగతీ రాసి అచ్చు వేయించాం. రెండో విడత నడుస్తోంది.

పోయిన నెల కస్తూరిని చూడడానికి వెళ్ళినప్పుడు మునిరత్నం నన్ను చెరువు దగ్గరికి తీసుకెళ్ళాడు. కొత్త పంట వేసి నెలయింది. చెరువులో వేలాడదీసిన మేత ట్రే పైకి లాగి రొయ్య పిల్లల్ని చూపించాడు. పెంకులు శుభ్రంగా ఉన్నాయి. ఇంకా ఆ పురుగు మీదే పని చేస్తా ఉండావా అని అడిగాడు. అతుకుల దగ్గర దొరికిన చోటు సంగతి చెప్పాను. ట్రే నీళ్ళలోకి దించి నా వైపు తిరిగాడు.

“ఇది గూడా తప్పయితే ఏం జేస్తావు వదినా?”

“మళ్ళా వచ్చి చెప్తా,” అన్నాను.